మిగిలిన ఏడు నెలలు

పొద్దుగాల నాలుగూ నలభైకి
నక్కలగుట్ట మూలమీద షట్టర్ లేపుత.
దినాం నేను ఎత్తే మొదటి బరువు అదే,
దానికి సెట్లు లేవు, చప్పట్లు లేవు.

లోపల నిన్నటి చెమట ఇంకా నిద్ర లేవదు.
రబ్బరు చాపలు, నిమ్మకాయ వాసన ఫినాయిలు,
గోడ నిండ ఎవనిదో తెలువని తెల్లటి వీపు.
తొంభై ఆరు బ్రాంచీలల్ల అదే వీపు, అదే పాట, అదే చలి.
బయటి ఎండ మాత్రం హనుమకొండది.

బ్యాడ్జి మీద నా పేరు కోచ్ ఓడీ.
ఓదెలు అంటే హెడ్డాఫీసుకు నోరు తిరగదట.
"ఓడినవా, గెలిచినవా కోచ్?" అని
బెంచి మీద పండుకోని పోరగాండ్లు నవ్వుతరు.
నేనూ నవ్వుత. నవ్వుడు డ్యూటీల ఉన్నది.
మల్లన్నకు మొక్కి మా అమ్మ పెట్టిన పేరుల
లు అన్నదాన్ని కోసుకున్నరు,
జీతంల పీఎఫ్ కోసుకున్నట్టు,
అడుగకుంటనే.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
ఒకసారి అడిగిండు:
"ఎత్తినదానికి వాళ్లకు ఎంతిస్తరు?"
వాళ్లకు ఇచ్చుడు కాదు నాయినా,
వాళ్లే మాకిస్తరు, అన్న.
చేతిల బీడి శానసేపు ముట్టియ్యలే.

పదకొండు దాటితే మిషన్లు పండుకుంటయి.
అప్పుడు నేను ఫోన్ల మీద కూసుంట.
"మిమ్మల్ని మిస్సవుతున్నం సార్"
కాయితం మీద రాసిచ్చిన మాట, గొంతుల తియ్యదనం నాది.
నూటికి అరవై మంది కట్టి రానోళ్లే.
రానోళ్ల పైసలతోని ఏసీ నడుస్తది,
వచ్చినోళ్లకు సల్లగ తాకుతది.
అందరూ ఒక్కనాడే వస్తే నిలవడ జాగ లేదు.
మేనేజరుకు ఎరుకే, నాకు ఎరుకే,
అయినా "తప్పకుండ రండి" అంట
నెలకు మూడు వందల మందితోని.

మొన్న బుధవారం లిస్టుల ఉప్పలయ్య సారు వచ్చిండు.
కాజీపేట లోకోషెడ్డుల చేసి రిటైరైన మనిషి.
మోకాళ్లకు మంచిదని ఏడాదికి ఒక్కసారే కట్టిండు,
ఐదు నెలలు తిరిగిండు.
ట్రెడ్‌మిల్ ఎక్కి, "సిగ్నల్ ఇయ్యి ఓదెలు" అనేటోడు.
ఆ బిల్డింగుల నా పేరు నిండుగ పిలిచింది
ఆయన ఒక్కడే.

ఫోనెత్తింది ఆయన భార్య.
"మిమ్మల్ని మిస్సవు..." దాక అన్న.
"మేము గూడ బిడ్డా" అన్నది.

కంప్యూటర్ల మూడే బటన్లు:
ఫ్రీజ్, ట్రాన్స్‌ఫర్, క్యాన్సిల్.
క్యాన్సిల్ కొడితే కారణం అడుగుతది.
ఊరు మారిండ్రు. ధర ఎక్కువ. వేరే జిమ్ము. తీరిక లేదు.
సచ్చిపోయిండు అన్న గడి ఎవలూ పెట్టలే.
తీరిక లేదు మీద నా వేలు కొంచెంసేపు ఆగింది.

ఏడు నెలలు మిగిలినయమ్మా,
ఊకె పోవుడెందుకు, మీరన్న రాండ్రి.
అది కాయితంల లేని మాట.
ఎందుకన్ననో నాకే తెలువది.

సోమారం నాడు కొమురమ్మ వచ్చింది.
నీలం చీర, కొంగు నడుముకు చెక్కుకోని.
బూట్లు లేంది లోపలికి రానియ్యరని చెప్పి పంపిన,
మంగళారం మళ్ల వచ్చింది
సారు బూట్లేసుకోని,
ముందట సందుల గుడ్డపేలికలు కుక్కి.

డంబెల్ల కాడి పోరగాండ్లు ఒకలమొకలు చూసుకున్నరు.
ఒకడు ఫోన్ తీసిండు. నేను వాని ముంగట నిలవడ్డ.
ఆ నెల నా టార్గెట్ తక్కువ పడ్డది.
ట్రాన్స్‌ఫర్ కొత్త మెంబర్ కిందికి రాదట,
మేనేజర్ అద్దం వెనుకకు పిలిచి చెప్పిండు.

పట్టీ మెల్లగ కదిలింది, ఒకటిన్నర మీద పెట్టిన.
రెండు చేతులతోని కడ్డి గట్టిగ పట్టుకున్నది,
బస్సుల నిలవడ్డట్టు.
"ఇది ఏడిదాంక పోతది బిడ్డా?"
ఏడికీ పోదమ్మా.
"గట్లనా" అన్నది.
కొంచెంసేపు నడిచి,
"ఇంకింత జోరు చెయ్యి" అన్నది.